ఎవరూ ఏమీ అనలేదు

జూన్ 3

జ్వరం తగ్గింది. ముక్కు మాత్రం ఇంకా పట్టేసే ఉంది. ఆవిరి పడితే కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గానీ ముక్కు కదల్లేదు. కాఫీ వేడినీళ్ళలా ఉంది. ఈయన ఏదో నాసిరకం పొడి తెచ్చినట్టున్నారు. అడిగితే ఎప్పుడూ తెచ్చేదే అన్నారు. ఈయనకేం తెలుసు.

ఈ డైరీ కుట్టుషాపులోనే, నా సొరుగులో, కాగితం కటింగుల కింద ఉంటుంది. ఇంట్లో పెడితే లాయరమ్మ చదివేస్తుంది. కూతుర్ని కన్నాననుకున్నాను, కన్నది ప్లీడర్ని.

జూన్ 5

మళ్ళీ వంటింట్లోకి దిగాను. క్యారెట్ సూపు, ఉడికించిన బంగాళాదుంపల కూర. చప్పగా అనిపించి మరికాస్త ఉప్పు వేశాను. అందరూ తిన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగానే ఉందన్నమాట.

అసలు ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. మామయ్యగారి రూలు అది. కంచం ముందు కూర్చున్నాక వంట గురించి నోరెత్తకూడదు. బాగుందనీ అనకూడదు, బాగాలేదనీ అనకూడదు. ఆయన పోయారు, రూలు పోలేదు, దానికి అత్తయ్య కాపలా. నేను కాపురానికొచ్చిన కొత్తలో కూర ఎలా ఉందండీ అని అందరినీ అడిగాను. అత్తయ్య నీళ్ళ గ్లాసు మెల్లగా నా వైపు జరిపారు. నోరు మూసుకో అని చెప్పడానికి అంత మర్యాదైన పద్ధతి నేనింకెక్కడా చూడలేదు.

జూన్ 9

షాపులో ఇస్త్రీ చేస్తుంటే మాస్టరు లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి పెట్టె లాగేశారు. కోటు భుజం దగ్గర గుడ్డ మాడిపోయింది. కాలిన వాసన వీధి దాకా వస్తోంది, నీకు తెలియట్లేదా అమ్మా అన్నారు. ఏదో ఆలోచనలో ఉన్నానని చెప్పాను.

ఏదో ఆలోచనలో ఉన్నాను, అంతే.

జూన్ 14

లాయరమ్మ కాలేజీ నుంచి వస్తూనే మూత తీసి చూసి, "మళ్ళీ బంగాళాదుంపేనా?" అంది. కంచం ముందు కూర్చోలేదు కాబట్టి రూలు వర్తించదట. గుమ్మంలో నిలబడి ఎన్ని మాటలైనా అనొచ్చట.

అవును, మళ్ళీ బంగాళాదుంపే. రేపు గుడ్లు. ఎల్లుండి సూపు. ఇవి నా చేతికి తెలిసిన వంటలు, కళ్ళు మూసుకుని చేస్తాను. కొత్తవి చేసే ఓపిక ఎవరికుంది? పొద్దున్నించీ కుట్టుమిషను తొక్కి వచ్చేదాన్ని.

వంకాయ కొనబోయి మానేశాను. కాలిందో మాడిందో వాసన పట్టాలి దానికి.

జూన్ 20

పాలు పోసి గుమ్మడికాయ సూపు చేశాను. ఎవరూ ఏమీ అనలేదు.

జూన్ 21

అత్తయ్యకి కడుపులో బాగాలేదు. ఈయనకీ బాగాలేదు. ఎండలు అలా ఉన్నాయి మరి.

మిగిలిన సూపు పెరట్లో పిల్లికి పెట్టాను. అది దగ్గరికొచ్చింది, మూతి పెట్టబోయింది, ఆగింది, నా మొహం వైపు ఒకసారి చూసి గోడెక్కి వెళ్ళిపోయింది.

పిల్లికి రూల్లేవు.

జూన్ 24

షాపు నుంచి మధ్యాహ్నం సెలవు అడిగి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కళ్ళు మూసుకోమని నాలుక మీద ఒక్కోటీ వేసింది. ఉప్పన్నాను. తీపన్నాను. నిమ్మకాయకి మొహం దానంతటదే ముడుచుకుంది. తర్వాత ఏవో సీసాలు ముక్కు దగ్గర పెట్టింది. అన్నీ ఖాళీవే అనుకున్నాను. ఒక్కటీ ఖాళీది కాదట.

ఆవిడ మెత్తగానే చెప్పింది. "మీ నాలుకకేమీ కాలేదమ్మా. ముక్కే పనిచెయ్యట్లేదు. జ్వరం తర్వాత కొందరికి ఇలా అవుతుంది. వాసన తిరిగి రావొచ్చు. రాకపోవచ్చు కూడా."

పాల సంగతి అడిగాను. విరిగిన పాలు కూడా మీకు తెలియవు, కాబట్టి మొదట మీరు రుచి చూడకండి, ఇంట్లో ఎవరిచేతనైనా వాసన చూపించండి అంది.

ఇంట్లో ఎవరిచేతనైనా అట. ఇంట్లో చెప్పడమే! నా వల్ల కాదు.

జూన్ 25

ముక్కు వస్తుంది.

జూన్ 28

ఇవాళ నేను అన్నం వారుస్తుంటే అత్తయ్య వచ్చి స్టవ్ పక్కన నిలబడి, షాపులో అలిసిపోతున్నావు, ఇకనుంచి వంట నేను చూసుకుంటాలే అన్నారు. ఈయన హాల్లోంచి, అవును, అమ్మ చేస్తుందిలే అని అందుకున్నారు. ఇద్దరూ ముందే అనుకుని వచ్చినట్టున్నారు.

ఒళ్ళు మండింది. నాకేం చేతులు పడిపోయాయా అన్నాను. అత్తయ్య వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

ఇక్కడ రాసుకుంటే తప్పేముంది. వంటిల్లు ఇచ్చేస్తే నేను ఒప్పేసుకున్నట్టే, ముక్కు ఇక రాదని. షాపులో నేను కుట్టింది ఎవరో తొడుక్కుని పోతారు. నా చేత్తో చేసింది నా కళ్ళ ముందు నా వాళ్ళు తినేది ఆ ఒక్క చోటే. అది కూడా పోతే ఆ ఇంట్లో నేను జీతం తెచ్చే మనిషిని, అంతే. ఇవ్వను. ఛస్తే ఇవ్వను.

కానీ ఆ స్టవ్ ముందు నిలబడాలంటే ఈ మధ్య భయమేస్తోంది. గ్యాసు నాబు ఎన్నిసార్లు చూసుకున్నా తృప్తి ఉండట్లేదు.

జూలై 2

గుడ్లు. ఎవరూ ఏమీ అనలేదు.

జూలై 3

బంగాళాదుంపలు. ఎవరూ ఏమీ అనలేదు.

జూలై 8

ఇవాళ తమాషా జరిగింది.

బ్యాంకు మేనేజరు కోటుకి లైనింగు వేస్తున్నాను. పైన ముతక ఉన్ని, లోపల జారుడు గుడ్డ. చెయ్యి (స్లీవు అంటే మాస్టరుకి కోపం, చెయ్యే అంటారు) తిరగేయడానికి లోపలికి నా చెయ్యి పెట్టాను. లోపల చల్లగా, నున్నగా, చేపలా జారుతోంది. పైనుంచి రెండో చెయ్యి గరుకు మీద ఉంది. ఎంత హాయిగా అనిపించిందో, అలాగే కూర్చుండిపోయాను. మాస్టరు చూసి, కోటు నచ్చిందా ఏంటమ్మా, మేనేజరు ఊరుకోడు సుమా అన్నారు.

తర్వాత అన్నానికి డబ్బా తెరిచాను. మెత్తటి అన్నం, మెత్తటి దుంపలు, మెత్తటి గుడ్డు. మెత్తన మీద మెత్తన. బక్రం వెయ్యని కాలరు ఇలాగే ఉంటుంది, మెడ చుట్టూ పీలికలా వేలాడుతూ. కాలరు నిలబడాలంటే లోపల ఆ గట్టి గుడ్డ పడాల్సిందే. ఈ సంగతి నేను రోజుకు పదిమందికి చెబుతాను. మరి నా కూరలో బక్రం ఏది?

లేచి వీధి చివరికి వెళ్ళాను. అక్కడ వేరుశనగలు వేయించి అమ్మే ఆవిడ దగ్గర ఒక పొట్లం కొన్నాను. టీ కొట్టులో ఒక నిమ్మ చెక్క అడిగి తెచ్చుకున్నాను. వేరుశనగల మీద ఇస్త్రీపెట్టె పెట్టి నలగ్గొట్టాను (చల్లారినదే, మాస్టరు చూడలేదు). డబ్బాలో పోసి, నిమ్మరసం పిండి, ఒక పచ్చిమిరపకాయ తుంపి వేసి కలిపాను.

కరకర. పుల్లగా. చెవుల్లోంచి పొగ వచ్చేంత కారం. ఒకటి తర్వాత ఒకటి వచ్చి తగులుతున్నాయి. జ్వరం తర్వాత మొదటిసారి నాకు తిన్నట్టు అనిపించింది. డబ్బా నాకేశాను. ఏడుపొచ్చింది, కారానికి.

కారానికే.

జూలై 11

మూడు రోజులుగా మధ్యాహ్నం డబ్బా నా ప్రయోగశాల. కీరదోస మంచులా చల్లబెట్టి, పైన వేడివేడిగా వేయించిన వెల్లుల్లి ముక్కలు. చల్లన, వేడి, ఒకే ముద్దలో. పచ్చి జామకాయ మీద మిరియాలు. గుమ్మడి గింజలు వేయించి ఉడికించిన గుమ్మడి మీదే చల్లాను, తల్లీపిల్లల్ని కలిపినట్టు.

మాస్టరు రోజూ చెయ్యి చాస్తున్నారు. ఇంట్లో మాత్రం ఇంకా పాత వంటే. అక్కడ ధైర్యం చాలట్లేదు.

జూలై 12

దొరికిపోయాను.

లాయరమ్మ వంటింట్లోకి వచ్చి గుప్పిట మూసి నా ముక్కు కింద పెట్టింది. ఇదేం వాసనో చెప్పు అంది. నేను తెలివిగా సబ్బు అన్నాను. ఇప్పుడే చేతులు కడుక్కుని వచ్చి ఉంటుందని నా లెక్క. గుప్పిట తెరిచింది. చితక్కొట్టిన వెల్లుల్లి.

"ఎప్పట్నించి అమ్మా?" అంది.

జ్వరం నించీ అన్నాను. ఇక దాచి లాభమేముంది, సాక్ష్యం చేతిలో పెట్టుకుని అడిగింది. అప్పుడు మొత్తం చెప్పింది పిల్ల. జూన్ నుంచీ కూరల్లో ఉప్పు నోట్లో పెట్టుకునేలా లేదట. తను కాలేజీ క్యాంటీన్లో తినేసి వస్తోందట. కరెంటు మీటర్లు చూడ్డానికి వెళ్ళే మా ఆయన సంచిలో మీటరు పుస్తకం కంటే బిస్కట్ పాకెట్లే ఎక్కువున్నాయట. నాన్నమ్మ ముద్దకో గుక్క నీళ్ళు తాగి మింగుతోందట. ఆ గుమ్మడి సూపు పాలు విరిగిన వాసన గిన్నె టేబుల్ మీద పెట్టకముందే అందరికీ వచ్చిందట. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని తాగేశారట.

తాగేశారట! విరిగిన పాలని తెలిసీ, కడుపునొప్పి వస్తుందని తెలిసీ, గుక్క గుక్కా తాగేశారు!

ఎవరైనా ఒక్క మాట అనొచ్చు కదే అని అరిచాను. పిల్ల గొంతు చిన్నదైపోయింది. "రూలు కదమ్మా. పైగా నువ్వు గిన్నె పట్టుకుని అంత ఆశగా చూస్తుంటావు."

నేలమీద కూలబడి ఏడ్చాను. తర్వాత నవ్వొచ్చింది. ముగ్గురు మనుషులు వరసగా కూర్చుని, విరిగిన సూపు తాగుతూ, మర్యాదగా మూతి తుడుచుకుంటూ. ఇంత పిచ్చివాళ్ళ మధ్య నేను కాపురం చేస్తున్నాను. ఇంత మంచివాళ్ళ మధ్య అని కూడా రాసుకోవాలేమో. కోపం తగ్గాక రాసుకుంటాను.

జూలై 14

లాయరమ్మని పనిలో పెట్టుకున్నాను. నా ముక్కు తనే. ఉప్పు నేను వెయ్యడానికి వీల్లేదు, తను సరే అన్నాకే. ఇంట్లో పెద్దవాళ్ళకి ఇంకా చెప్పొద్దని షరతు. ఫీజు అడిగింది. అంట్లు తోమక్కర్లేదన్నాను. బేరం కుదిరింది.

జూలై 17

ఉల్లిపాయకి గొంతుంటుందని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. నూనెలో పడగానే గోల గోల చేస్తుంది. నీరు ఇంకేకొద్దీ గొంతు తగ్గిస్తుంది. రంగు తిరిగే ముందు గుసగుసలాడుతుంది. అప్పుడు దింపాలి. ఇవాళ వెనక్కి తిరిగి నిలబడి, కేవలం విని, దింపాను. బంగారంలా వచ్చింది.

లాయరమ్మ వాసనలు చెప్పే తీరు చూడాలి. వేగుతున్న జీలకర్ర, కొత్త చెప్పుల షాపులోకి అడుగుపెట్టినట్టుందట. కాల్చిన క్యాప్సికం, వాన మొదలైనప్పుడు డాబా మీద నిలబడ్డట్టట. నిమ్మతొక్క, పరీక్ష అయిపోయి బయటికొచ్చినట్టట. ఇలా చెప్పిన వాసనలు నాకు ముక్కు ఉన్నప్పుడు కూడా రాలేదు.

ఇద్దరం వంకాయ నిప్పు మీద పెట్టాం. ఇంకా, ఇంకా, ఆగు, ఇప్పుడు మాడుతోంది అని అరిచింది. తీశాను. పై తొక్క బొగ్గు, లోపల వెన్న. ఎన్నాళ్ళకి వంకాయ!

జూలై 19

అత్తయ్య రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళారు. వంటింట్లో తల్లీకూతుళ్ళ నవ్వులేంటని ఈయన్ని అడిగారట.

రేపు ఆదివారం. రేపు చెప్పేస్తాను. వండి చెబుతాను.

చెప్పాక కూడా వంటిల్లు అత్తయ్యకి ఇచ్చెయ్యమంటే? అననివ్వను. ఆ గిన్నెలే మాట్లాడాలి.

జూలై 21

నిన్నటిది ఇవాళ రాస్తున్నాను. మాస్టరు రెండుసార్లు పిలిచినా వినిపించుకోకుండా రాస్తున్నాను.

టేబుల్ మీద పెట్టినవి ఇవి. కాల్చిన వంకాయ గుజ్జు, దాని మీద పుల్లటి దానిమ్మ గింజలు, కరకరలాడే ఉల్లి. గుమ్మడికాయ చెక్కలు పొయ్యి మీద అంచులు నల్లబడేదాకా కాల్చి, మిరియాలు, తేనె చుక్క, పైన వేయించిన గింజలు. చల్లటి కీరదోస మీద వేడి వెల్లుల్లి నూనె. గుడ్లు కూడా ఉన్నాయి, కానీ వాటికి నువ్వుల కోటు తొడిగాను, కాజాలు కుట్టడం ఒక్కటే తక్కువ.

ఈయన కంచం వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ కంచం వైపు చూశారు. లాయరమ్మ టేబుల్ కింద నా కాలు తొక్కింది.

నిలబడే చెప్పాను. జ్వరం తర్వాత నాకు వాసన పోయిందనీ, వస్తుందో రాదో డాక్టరమ్మకే తెలియదనీ, మీరు నెలరోజులు ఉప్పు తిన్నారనీ, విరిగిన పాలు తాగారనీ, నాకు తెలిసిపోయిందనీ. ఇవాళ్టి వంట పిల్ల ముక్కుతో, నా చెవులతో, నా చేతులతో చేశాననీ.

చివరికి అసలు మాట అన్నాను. "ఇకనుంచి ఈ టేబుల్ దగ్గర వంట గురించి మాట్లాడాలి. మీరు చెప్పకపోతే నాకు తెలిసే దారి లేదు. మాట్లాడనివాళ్ళకి రెండోసారి వడ్డించను."

అత్తయ్య చెయ్యి చాచి నీళ్ళ గ్లాసు అందుకుని మెల్లగా నా వైపు జరిపారు.

అదే గ్లాసు. అప్పట్లాగే. నేను గ్లాసెత్తి గటగటా తాగేసి, ఖాళీది టేబుల్ మీద పెట్టి, ఇప్పుడు చెప్పండి అన్నాను.

ముందు ఈయన తిన్నారు. గుమ్మడి చెక్క. నమిలారు. గింజలు పటపటమనడం నా దాకా వినిపించింది. పాపం, మాట్లాడ్డం అలవాటు లేని మనిషి, నోరు తెరిచి మూశారు, మళ్ళీ తెరిచారు. "బాగుంది" అన్నారు. మామయ్యగారి ఫోటో వైపు ఒకసారి చూసి, "చాలా బాగుంది" అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో నా వంట మీద ఆయన మొదటి మాటలు. కూర్చున్నాను.

అత్తయ్య వంకాయ వేసుకున్నారు. ఒక ముద్ద తిన్నారు. ఇంకో ముద్ద తిన్నారు. నీళ్ళు తాగలేదు. నేను చూస్తున్నాను, నీళ్ళు తాగలేదు.

తర్వాత కంచంలోకే చూస్తూ మాట్లాడారు. నేను విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"నాకు వంట రాదు. ఈ ఇంటికి వచ్చినప్పుడు మా అత్తగారు ముద్దముద్దకీ ఒక మాట అనేవారు. నేను కంచం ముందే ఏడ్చేదాన్ని. ఒకరోజు మీ మామయ్య చెయ్యి కడిగేసుకుని, ఈ టేబుల్ దగ్గర వంట మీద ఇంకెవరూ నోరెత్తొద్దన్నారు. అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆయన నోరు కూడా. బాగుందని కూడా నాతో ఎవరూ అనలేదు, ఇన్నేళ్ళలో."

నాకు ఆ గ్లాసు గుర్తొచ్చింది. నోరు మూసుకో అంటున్నారనుకున్నాను ఇన్నాళ్ళూ. నన్ను కాపాడుతున్నారట.

అత్తయ్య తలెత్తి కొడుకుని చూశారు. "నా వంట ఎలా ఉండేదిరా?"

ఈయన ఇరుక్కుపోయారు. రూలుంటే ఎంత బాగుండేదో అన్నట్టు అటూ ఇటూ చూశారు. నేను సాయం చెయ్యలేదు. చివరికి నిజం చెప్పారు. "వంకాయ కాల్చి చేసేదానివి చూడమ్మా, అది చేస్తానని చెప్పిన రోజు బడి నుంచి పరిగెత్తుకుని వచ్చేవాణ్ణి."

"మిగతా రోజులు?"

"నడిచి వచ్చేవాణ్ణి."

ముందు అత్తయ్యే నవ్వారు. భుజాలు కదిలిపోయేలా, పమిట నోటికడ్డం పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారేలా. ఆవిడ అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. అందరం నవ్వాం. గిన్నెలన్నీ ఖాళీ. గీకి గీకి ఖాళీ. రెండో వడ్డన కాదు, మూడో వడ్డనకి కొట్లాట.

నిన్న మూడోసారి వంకాయ వేసుకుంటూ అత్తయ్య ఒక్క మాటే అన్నారు, వంటిల్లు నీదేలే అని. అది నాకు తెలుసు. అయినా ఆవిడ నోటినుంచి వినడం వేరు.

జూలై 24

పెరట్లో పిల్లికి గుడ్డు ముక్క పెట్టాను. తినేసి ఇంకా కావాలని అరిచింది.

జూలై 26

ముక్కు రాలేదు. ఇవాళ పుట్టగొడుగులు, పచ్చి మామిడి. ఎవరూ ఎప్పుడూ కలిపి ఉండరు. లాయరమ్మ కలపొద్దంది, కలిపాను. అభ్యంతరం వెనక్కి తీసుకుంది. ఈయన బిస్కట్లు పక్కింటి పిల్లలకి పంచేశారు.

జూలై 28

అత్తయ్యకి వంటింటి మీద మోజు పుట్టింది. నిన్న, ఈ ఒక్కరోజు నేను చేస్తానన్నారు, అడిగి మరీ. ఇచ్చాను. ఇచ్చేయడం కాదు ఇది. వంకాయ కాల్చారు. నన్ను పక్కన నిలబడి విని చెప్పమన్నారు. తొక్క చిటచిటలాడ్డం ఆగిన చోట, ఇప్పుడు అన్నాను.

అందరం కూర్చున్నాం. మొదటి ముద్ద నాకే పెట్టారు. ముగ్గురూ నా నోటి వైపు చూస్తున్నారు. ముక్కు లేనిదాని తీర్పు కోసం ఇంతమంది! అత్తయ్య మొహంలో అచ్చం ఆ ఆశ, గిన్నె పట్టుకుని నేను చూసేదే అయ్యుంటుంది. ఒక్క క్షణం, బాగుందనేసి ఊరుకుందామా అనిపించింది.

"వంకాయ అద్భుతంగా కాలింది. ఉప్పు ఎక్కువైంది అత్తయ్యా" అన్నాను.

అత్తయ్య నీళ్ళ గ్లాసు నా వైపు జరిపారు. ఈసారి తాగడానికే.